వీడియో తీస్తుండగా కెమెరా వేడెక్కి ఎందుకు ఆగిపోతుంది, దాన్ని ఎంతవరకు ఆపగలం

మీ ప్రశ్న సారాంశం ఇది. లోపల ఫ్యాన్ లేని మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని రకం) కెమెరాతో ఆరుబయట ఒక కార్యక్రమాన్ని 4కెలో (అడ్డంగా సుమారు 4000 పిక్సెళ్ల వీడియో), సెకనుకు 60 ఫ్రేముల చొప్పున చిత్రీకరిస్తున్నారు. సుమారు 20 నిమిషాలకు తెర మీద థర్మామీటరు గుర్తు కనిపించింది, మరికాసేపటికి కెమెరా తనంతట తానే ఆగిపోయింది. కొంచెం విరామం ఇచ్చి మళ్లీ మొదలుపెడితే ఈసారి 5 నిమిషాలు కూడా నడవలేదు. అదే కెమెరా ఇంట్లో పరీక్షించినప్పుడు చాలా ఎక్కువసేపు పనిచేసింది. సర్వీసు సెంటరు వారు లోపమేమీ లేదన్నారు. కెమెరా నిజంగా బాగానే ఉందా, ఇలా వేడెక్కడం వల్ల సెన్సర్ పాడవుతుందా, ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి చల్లార్చవచ్చా అని అడిగారు.

సర్వీసు సెంటరు వారు చెప్పినది నిజమే అయివుంటుంది. మీరు రాసిన వివరాలన్నిటిలో నాకు అసలైన ఆధారంగా కనిపించినది రెండోసారి అంత తొందరగా ఆగిపోవడం. దాన్నిబట్టి మీ కెమెరాకు ఉన్న హద్దు నిమిషాల్లో కాదు, ఉష్ణోగ్రతలో ఉందని తెలుస్తుంది. అడుగున సన్నని రంధ్రం ఉన్న తొట్టిలోకి పంపు తిప్పి వదిలితే, బయటికి పోయే నీటికన్నా లోపలికి వచ్చే నీరు ఎక్కువైనంతసేపూ మట్టం పెరుగుతూనే ఉంటుంది. నిండిన తొట్టిని పూర్తిగా ఖాళీ కానివ్వకుండా మళ్లీ పంపు తిప్పితే రెండోసారి త్వరగా పొంగుతుంది. కాబట్టి వేడి లోపల ఎంత పుడుతోంది, బయటికి ఎంత పోతోంది, బయటినుంచి ఎంత వచ్చి చేరుతోంది అన్న మూడు లెక్కలను విడివిడిగా చూడాలి. చాలామంది మొదటి లెక్క ఒక్కటే చూసి సెట్టింగులతో కుస్తీ పడతారు. ఆరుబయట షూటింగులో మాత్రం ఎక్కువసార్లు ఆట తిప్పేది మూడోది.

అంతకుముందు, ఆగిపోవడానికి కారణం వేడేనని నిర్ధారించుకోవాలి. మీ విషయంలో థర్మామీటరు గుర్తు కనిపించింది కాబట్టి అనుమానం లేదు, కాని ఇదే సమస్యతో వచ్చేవారిలో కొందరి కెమెరాలు వేరే కారణాలతో ఆగుతాయి. కార్డు రాత వేగం చాలకపోతే రికార్డింగ్ మొదలైన కొన్ని సెకన్లలోనో, దృశ్యంలో కదలిక పెరిగినప్పుడో ఆగుతుంది, కెమెరా మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకు ఆగితే అది వేడి కాదు, తయారీదారు పెట్టిన కాలపరిమితి. 30 నిమిషాలు, అంతకు మించి ఏకధాటిగా రికార్డు చేయగల పరికరాన్ని ఐరోపా సమాఖ్య కస్టమ్స్ నిబంధనలు వీడియో కెమెరాగా లెక్కించి అదనపు సుంకం వేసేవి. ఆ సుంకాన్ని తప్పించుకోవడానికి ఫోటో కెమెరాలకు ఈ పరిమితి పెట్టడం అలవాటైంది. ఇప్పటి కెమెరాల్లో చాలావాటికి ఆ పరిమితి లేదు. పాత బ్యాటరీ ఒక్కసారిగా వోల్టేజి కోల్పోయినా కెమెరా గుర్తు ఏదీ చూపకుండా చప్పున ఆరిపోతుంది. వేడితో ఆగే కెమెరా మాత్రం దాదాపు ఎప్పుడూ ముందు హెచ్చరిక ఇస్తుంది.

ఇక వేడి పుట్టుక. దీన్ని లెక్కగట్టడానికి ప్రయోగశాల అక్కరలేదు, బ్యాటరీ మీద రాసివున్న అంకె చాలు. పూర్తి ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరాల బ్యాటరీలు చాలావరకు 16 వాట్-అవర్ల దగ్గర ఉంటాయి. సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 మీద 16.4 అని ఉంటుంది. అలాంటి బ్యాటరీ వీడియో తీస్తూ రెండు గంటల్లో ఖాళీ అయితే కెమెరా సగటున 8 వాట్లు వాడుతోందని అర్థం. ఆ 8 వాట్లలో దాదాపు ప్రతి వాటూ చివరికి వేడిగానే మారుతుంది, ఎందుకంటే కెమెరా బయటికి పంపే వెలుతురు, శబ్దం, కదలిక లెక్కలోకి తీసుకోదగ్గవి కావు. మీ కెమెరా బ్యాటరీ 4కె 60లో ఎంతసేపు వస్తుందో, 4కె 30లో ఎంతసేపు వస్తుందో పోల్చి చూడండి. ఏ సెట్టింగులో వేడి ఎంత పెరుగుతుందో ఆ తేడాయే చెబుతుంది. బ్యాటరీ త్వరగా తినే సెట్టింగు కెమెరాను త్వరగా వేడెక్కిస్తుంది, ఇందులో మినహాయింపు లేదు.

ఆ వేడిలో పెద్ద వాటా సెన్సర్‌దీ, చిత్రాన్ని సంస్కరించి కుదించే ప్రాసెసర్‌దీ. ఫోటో తీసేటప్పుడు సెన్సర్ నుంచి పూర్తి నాణ్యతతో సమాచారం అప్పుడప్పుడు ఒకసారి చదివితే చాలు. వీడియోలో అదే పని సెకనుకు 30, 60, 120 సార్లు ఆగకుండా జరగాలి. ఇక్కడ తెలుసుకోవలసిన కిటుకు ఒకటుంది. మెనూలో రెండూ 4కె అనే కనిపించినా, సెన్సర్ మీది పిక్సెళ్లన్నిటినీ చదివి ఆ తర్వాత 4కెకు కుదించే విధానం వేరు, వరుసలను దాటవేస్తూ తక్కువ పిక్సెళ్లనే చదివే విధానం వేరు. మొదటిది పదునైన చిత్రాన్ని ఇస్తుంది, రెండోది చల్లగా నడుస్తుంది. 2020 జూలైలో వచ్చిన కేనన్ ఈఓఎస్ ఆర్5 దీనికి స్పష్టమైన ఉదాహరణ: 8కె మొత్తాన్ని చదివి తయారుచేసే మేలురకం 4కె వేడివల్ల సుమారు 30 నిమిషాలకు పరిమితమైతే, అదే కెమెరాలో మామూలు 4కె 30 ఫ్రేములకు వేడి పరిమితే లేదని కంపెనీ ప్రకటించింది. ఒకే కెమెరా, ఒకే రిజల్యూషన్, ఒకే ఫ్రేమ్ రేటు. తేడా అంతా సెన్సర్‌ను ఎంత చదువుతున్నామన్న దాంట్లోనే ఉంది. సోనీ ఏ7ఎస్ 3 సెన్సర్‌లో 12 మెగాపిక్సెళ్లే ఉండటం ఫోటోల దృష్ట్యా చిన్నతనంగా కనిపించవచ్చు గాని, ఫ్యాన్ లేకుండానే ఎక్కువసేపు 4కె 60 నడపడానికి అది ఒక ముఖ్యమైన కారణం.

తర్వాతి వాటా మెమరీ కార్డుది. సీఎఫ్‌ఎక్స్‌ప్రెస్ కార్డు అంటే నిజానికి కంప్యూటరులో వాడే ఎన్‌వీఎమ్ఈ అనే అతివేగపు డిస్కుకు చిన్న రూపమే, కనుక వేడిలోనూ దానికి తీసిపోదు. ఎక్కువ బిట్‌రేటులో (సెకనుకు రాసే సమాచారం ఎక్కువగా ఉండేలా) సుదీర్ఘంగా రికార్డు చేసి, ఆగిన వెంటనే కార్డు బయటికి తీస్తే వేళ్ల మధ్య నిలకడగా పట్టుకోలేక ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకోవలసి వస్తుంది. ఆ కార్డు ఉండే గది సాధారణంగా బొటనవేలు ఆనే చోటుకు పక్కనే ఉంటుంది కాబట్టి, కెమెరాలో అక్కడే ముందుగా వేడి తగలడం మీరూ గమనించి ఉంటారు. ఎస్‌డీ కార్డులు వేగంలో తక్కువ, వేడిలోనూ తక్కువే.

బ్యాటరీ గురించి మాత్రం ఒక అతిశయోక్తి ప్రచారంలో ఉంది. వేడికి మూలం బ్యాటరీయేనని, దాన్ని తీసి డమ్మీ బ్యాటరీ (బ్యాటరీ స్థానంలో పెట్టి తీగ ద్వారా బయటి కరెంటు ఇచ్చే పరికరం) పెడితే సమస్య తీరుతుందని చెబుతుంటారు. 8 వాట్ల వాడకంలో 7.2 వోల్టుల బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు 1 ఆంపియరుకు కొంచెం ఎక్కువ. ఆ కరెంటుకు బ్యాటరీ తనలో తాను పుట్టించుకునే వేడి మొత్తం లెక్కలో చాలా చిన్న భాగం. బ్యాటరీ వేడిగా తగిలేది ఎక్కువగా పక్కనున్న భాగాల వేడిని పీల్చుకోవడం వల్లనే. డమ్మీ బ్యాటరీ వల్ల మేలు లేదని కాదు, బ్యాటరీ తన ఉష్ణోగ్రత హద్దు దాటే ప్రమాదం తప్పుతుంది, కొన్ని కెమెరాల్లో అందువల్ల సమయం కొంత పెరుగుతుంది. కాని అసలు వేడి పుట్టించేవి యథాతథంగా అక్కడే ఉంటాయి. రికార్డు చేస్తూ యూఎస్‌బీ ద్వారా లోపలి బ్యాటరీని ఛార్జ్ చేయడం మాత్రం నిజంగానే వేడిని పెంచుతుంది. మీ కెమెరా యూఎస్‌బీ కరెంటును నేరుగా పని కోసం వాడుకుంటుందా, లేక బ్యాటరీని నింపడానికి వాడుతుందా అన్నది మాన్యువల్‌లో చూసుకోండి. రెండోదైతే షూటింగు సమయంలో ఆ తీగ తీసివేయడమే మంచిది.

పుట్టిన వేడికి బయటికి దారి ఏది? వానకూ దుమ్ముకూ తట్టుకునేలా కెమెరాను మూసివేస్తారు కాబట్టి గాలి ఆడే రంధ్రాలు ఉండవు. సెన్సర్ ఏదో ఒక లోహపు పలకకు గట్టిగా ఆనుకుని ఉంటే వేడి సులభంగా జారిపోయేది, కాని చేతి వణుకును సరిచేసే స్థిరీకరణ ఉన్న కెమెరాలో సెన్సర్ అయస్కాంతాల మధ్య తేలుతూ కదులుతుండాలి. దాన్ని బిగించే లోహపు వంతెన వేయలేరు. వంగే గ్రాఫైట్ రేకుల వంటి వాటితో వేడిని మెల్లగా వెనక పలకకో, పై చట్రానికో తరలిస్తారు. అక్కడినుంచి అది గాలిలోకి పోవాలి. ఉపరితలానికీ చుట్టూ ఉన్న గాలికీ ఉష్ణోగ్రతలో ఎంత తేడా ఉంటే అంత వేడి పోతుంది. కెమెరా పైభాగం 48 డిగ్రీల దాకా వేడెక్కవచ్చని అనుకుందాం. 23 డిగ్రీల గదిలో తేడా 25 డిగ్రీలు. 38 డిగ్రీల ఎండాకాలపు నీడలో తేడా 10 డిగ్రీలే. అంటే అదే కెమెరా అదే పని చేస్తూ గదిలో వదిలించుకోగలిగిన వేడిలో సుమారు 40 శాతమే ఆరుబయట వదిలించుకోగలదు. ఇంట్లో పరీక్షిస్తే నడిచి బయట ఆగిపోవడానికి ఇదొక్కటే సగం సమాధానం. తయారీదారులు ప్రకటించే రికార్డింగ్ సమయాలు సాధారణంగా 23 లేదా 25 డిగ్రీల దగ్గర కొలిచినవి; మాన్యువళ్లలో కెమెరా పనిచేసే ఉష్ణోగ్రత చాలావరకు 0 నుంచి 40 డిగ్రీలని ఉన్నా, ఆ 40 దగ్గర ప్రకటించిన నిమిషాలన్నీ వస్తాయని దాని అర్థం కాదు.

మిగతా సగం సమాధానం ఎండ. నిర్మలంగా ఉన్న మధ్యాహ్నపు ఆకాశం నుంచి చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల సౌరశక్తి నేలను తాకుతుంది. కెమెరా పైభాగం, ఒక పక్క కలిపి ఎండకు ఎదురయ్యే వైశాల్యం చదరపు మీటరులో నూరోవంతు అనుకున్నా 10 వాట్లు. కెమెరాలు నల్లగా ఉంటాయి కనుక అందులో చాలా భాగం లోపలికే పోతుంది. లోపల పుట్టే వేడి 8 వాట్లు, పైనుంచి పడేది దాదాపు అంతే! సెట్టింగులు మార్చి, వైఫై ఆపి, తెర వెలుతురు తగ్గించి మీరు ఆదా చేయగలిగింది ఒకటో రెండో వాట్లు. కెమెరా మీద ఒక గొడుగు పట్టించి ఆదా చేయగలిగింది 8 వాట్లు. ఆరుబయట షూటింగుకు సంబంధించి ఒక్క సలహాయే ఇవ్వమంటే నేను ఇచ్చేది ఇదే: ట్రైపాడ్‌కు లేత రంగు గొడుగు బిగించండి. కెమెరాకూ గొడుగుకూ మధ్య గాలి ఆడేంత ఎడం ఉండాలి. తెల్ల గుడ్డను కెమెరాకు చుట్టేయడం అదే పని కాదు, ఎండ ఆగినా లోపలి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. సిలికాన్ తొడుగులు, తోలు కవర్లు, వాన కవర్లు కూడా ఇదే కారణంగా తీసివేయాలి. కెమెరాను అంటిపెట్టుకుని ఉండే అల్యూమినియం కేజ్ (కెమెరా చుట్టూ బిగించే లోహపు చట్రం) మాత్రం వేడిని కాస్త పరచడానికి ఉపకరిస్తుంది.

మీ వివరాల్లో లేనిది, నేను మిమ్మల్ని అడగదలచినది మరొకటి ఉంది: రికార్డు బటన్ నొక్కకముందు కెమెరా ఎంతసేపు ఆన్‌లో ఉంది? ఫ్రేము సరిచూసుకుంటూ, వేదిక వైపు గురిపెట్టి, ఎప్పుడు మొదలవుతుందా అని అరగంట వేచివుంటే ఆ అరగంటా సెన్సర్ చదువుతూనే ఉంది, తెర వెలుగుతూనే ఉంది. కొన్ని కెమెరాలు రికార్డింగ్ మొదలుకాకముందే ఎంచుకున్న నాణ్యతకు తగినట్టు పూర్తి స్థాయిలో పనిచేస్తుంటాయి. ఎదురుచూసే సమయంలో తెర మీది చిత్రాన్ని తక్కువ రిజల్యూషన్‌లో చూపించే ఎంపికను కేనన్ తన కొన్ని కెమెరాల మెనూలో ఇవ్వడానికి కారణం ఇదే. అటువంటి ఎంపిక ఉంటే ఆన్ చేయండి. లేకపోతే మాటల మధ్య విరామాల్లో కెమెరాను నిజంగా ఆపేయండి. ఇప్పటి కెమెరాలు రెండు సెకన్లలో మేలుకుంటాయి, దృశ్యం చేజారుతుందన్న భయం అనవసరం. మూసివున్న కారులో ఎండలో ఉంచిన సంచి నుంచి తీసిన కెమెరా కూడా పని మొదలుపెట్టకముందే తొట్టి సగం నిండి ఉన్నట్టే.

సెట్టింగుల విషయానికి వస్తే, 60 ఫ్రేములు మీకు నిజంగా ఎందుకు కావాలి? ప్రసంగాలు, ముఖాముఖీలు, వేదిక మీది కార్యక్రమాలు చివరికి సెకనుకు 25 లేదా 30 ఫ్రేముల వీడియోగానే చాలామంది తయారుచేస్తారు. నెమ్మదిగా చూపించాలనుకున్న ముక్కలకు మాత్రమే 60 వాడి, మిగతాదంతా 30లో తీస్తే సెన్సర్ పని దాదాపు సగానికి తగ్గుతుంది. అవసరం లేని 60 ఫ్రేములు ఎడిటింగ్‌లో సగం పారేసి కెమెరా వేడెక్కుతోందని బాధపడటం నేను తరచుగా చూసే విషయం. పిక్సెళ్లన్నిటినీ చదివే మేలురకం 4కెను ముఖ్యమైన దృశ్యాలకు ఉంచుకోవచ్చు. ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్థిరీకరణ, అక్కరలేనప్పుడు వైఫై, బ్లూటూత్ ఆపడం చిన్న ఆదాలే గాని ఖర్చులేనివి. పక్కకు తెరుచుకునే తెరను వెనక పలకకు దూరంగా తెరిచి ఉంచడం మాత్రం చిన్నది కాదు, ఎందుకంటే సెన్సర్ వేడి ఎక్కువగా వచ్చేది ఆ వెనక పలక మీదికే. తెర మూసివుంటే అది దుప్పటిలా కప్పేస్తుంది, పైగా తన వేడిని కూడా కలుపుతుంది.

మెనూలో స్వయంచాలకంగా ఆగే ఉష్ణోగ్రతకు ‘ప్రామాణికం’, ‘అధికం’ అని రెండు స్థాయిలు ఉన్నాయేమో చూడండి. సోనీ, కేనన్, ఫూజీఫిల్మ్ కెమెరాలు చాలావాటిలో ఈ ఎంపిక ఉంది. చాలామంది దీన్ని సెన్సర్‌ను పణంగా పెట్టే ప్రమాదకరమైన మీటగా ఊహించుకుంటారు, నిజానికి ప్రామాణిక హద్దు ఎక్కువగా మన చర్మం కోసం పెట్టినది. 44 డిగ్రీల దగ్గర ఉన్న వస్తువు ముట్టుకుంటే చురుక్కుమనదు, కాని గంటల తరబడి ఒకే చోట ఆనితే చర్మాన్ని కాలుస్తుంది. అందుకే ‘అధికం’ పెట్టినప్పుడు కెమెరాను చేత్తో పట్టుకోవద్దని, ట్రైపాడ్ వాడమని మాన్యువళ్లు చెబుతాయి. మీది ట్రైపాడ్ మీది పనే కాబట్టి ఆ స్థాయి పెట్టుకోవచ్చు. కొన్నిసార్లు ఈ ఒక్క మార్పుతోనే 20 నిమిషాలు గంట దాకా పెరుగుతాయి. ‘అధికం’ స్థాయికి పైన కూడా ఒక హద్దు ఉంటుంది, దాన్ని మార్చే అవకాశం మనకు ఇవ్వరు. అది పరికరాన్ని కాపాడే హద్దు.

కెమెరా ఆ హద్దు దగ్గర ఆగకపోతే ఏమవుతుంది? సెన్సర్‌లో వెలుతురు పడకపోయినా ఉష్ణోగ్రత వల్ల పుట్టే చీకటి విద్యుత్తు సుమారు 6 నుంచి 8 డిగ్రీలకు ఒకసారి రెట్టింపవుతుంది. 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు చేరిన సెన్సర్‌లో అది 20 రెట్లకు పైగా పెరుగుతుంది. దాని ఫలితం నీడల్లో గరుకుదనం, రంగురంగుల చుక్కలు. లిథియం బ్యాటరీలకు సాధారణంగా 60 డిగ్రీల దాకా వాడుకునే అనుమతి ఉంటుంది, ఛార్జింగుకైతే 45 డిగ్రీలే. ఈ హద్దులకు ఎడంగానే కెమెరా తనను తాను ఆపుకుంటుంది కాబట్టి, అప్పుడప్పుడు ఇలా ఆగడం వల్ల సెన్సర్ పాడవుతుందన్న భయం పెట్టుకోకండి. వారం వారం రోజంతా హద్దు అంచున నడిపితే భాగాల వయసు తగ్గదని ఎవరూ హామీ ఇవ్వలేరు గాని, మీ వాడకం అలాంటిది కాదు.

ఆగిపోయిన తర్వాత ఏం చేయాలన్నది షూటింగు మధ్యలో ఉన్నవారికి అన్నిటికన్నా అవసరం. మొదట కార్డులోకి రాస్తున్నట్టు చూపే దీపం ఆరేదాకా ఆగండి. ఎంపీ4, ఎంఓవీ ఫైళ్లలో ఎక్కువగా చివర్లో రాసే సూచిక ఉంటేనే మిగతా ఫైలు తెరుచుకుంటుంది. వేడి వల్ల కెమెరా తనంతట తాను ఆగితే ముందు ఆ సూచిక రాసి ఫైలు మూసి ఆగుతుంది, కంగారుగా మీరు బ్యాటరీ లాగేస్తే ఫైలు అర్ధంతరంగా మిగిలిపోతుంది. దీపం ఆరిన తర్వాత కెమెరాను పూర్తిగా ఆఫ్ చేసి, నీడలోకి తెచ్చి, బ్యాటరీ, కార్డు తీసి, వాటి తలుపులు, తెర తెరిచి పెట్టండి. దుమ్ము లేని చోటయితే ఎదురుగా చిన్న ఫ్యాన్ పెట్టండి. కదలని గాలికీ, ఓ మోస్తరుగా వీచే గాలికీ మధ్య వేడి పోయే వేగంలో రెట్టింపు తేడా రావచ్చు. వెనక పలక చల్లబడినంత మాత్రాన లోపల చల్లబడినట్టు కాదు, సెన్సర్ వేడి పలకకు చేరడానికి సమయం పడుతుంది. అందుచేత 5 నిమిషాల విరామం కన్నా 20 నిమిషాల విరామం చాలా మెరుగైన ఫలితం ఇస్తుంది.

ఫ్రిజ్ వద్దు. చల్లని వస్తువు చుట్టూ ఉన్న గాలి మంచుబిందు స్థాయికి (గాలిలోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతకు) దిగితే ఆ వస్తువు మీద నీరు చేరుతుంది. 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న రోజున ఆ స్థాయి సుమారు 26 డిగ్రీలు. ఫ్రిజ్ నుంచి 8 డిగ్రీల దగ్గర బయటికి తీసిన కెమెరాకు లెన్సు మీద, లెన్సు బిగించే చోట, తలుపులు తెరిస్తే లోపలి అతుకుల మీద కూడా తడి చేరుతుంది. వేడి కెమెరాను ఆపుతుంది, తడి చంపుతుంది. మంచు సంచులు వెనక పలకకు అద్దడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. వెనక తగిలించుకునే ఫ్యాన్లలో కొన్నిటికి కరెంటుతో చల్లబరిచే పలక ఉంటుంది. తేమ ఎక్కువ ఉన్న చోట వాటి చల్లదనాన్ని కనిష్ఠంగా ఉంచి, పలక అంచుల్లో చెమ్మ పట్టడం కనిపిస్తే ఆపేయండి. ఉత్త గాలి ఊదే రకం అంత ఆకర్షణీయంగా ఉండదు గాని ఈ భయం లేనిది. మైకు మాత్రం కెమెరాకు దూరంగా పెట్టుకోవలసి వస్తుంది.

ఎచ్‌డీఎంఐ ద్వారా బయటి రికార్డరుకు పంపడం మరో మార్గం. కార్డుకు రాయడం, చిత్రాన్ని కుదించడం అనే రెండు పనులు కెమెరా నుంచి తప్పుతాయి, సెన్సర్ చదవడం మాత్రం తప్పదు. లోపలి కార్డులో కూడా ఏకకాలంలో రికార్డు చేస్తే ఈ లాభం పోతుందని మరిచిపోకూడదు. కార్డు బదులు యూఎస్‌బీ డిస్కులోకి రాయగల కెమెరాల్లో కార్డు వేడి మొత్తం బయటికి వెళ్తుంది.

కెమెరా వేడిని ఎలా కొలుస్తుందన్న సందేహం కూడా చాలామందికి ఉంటుంది. అన్ని కెమెరాలూ అన్ని భాగాల ఉష్ణోగ్రతనూ నేరుగా కొలిచి నిర్ణయించవు; కొంత కొలత, కొంత గడిచిన సమయాన్ని బట్టి వేసే అంచనా కలిసి ఉంటాయి. ఆర్5 వచ్చిన కొత్తలో దాని 8కె పరిమితి 20 నిమిషాలని కంపెనీ ముందే చెప్పినా, చల్లని చోట కూడా దాదాపు అన్ని నిమిషాలకే ఆగడం, కోలుకోవడానికి మరీ ఎక్కువసేపు పట్టడం పెద్ద వివాదమైంది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 1.1.0 ఫర్మ్‌వేర్ (కెమెరాను లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్) ఉష్ణోగ్రత గుర్తింపును, చిత్రీకరణ సమయాల నియంత్రణను మెరుగుపరిచింది. అందువల్ల మీ కెమెరాకు ఫర్మ్‌వేర్ తాజాదో కాదో చూసుకోవడం మొక్కుబడి సలహా కాదు. కొలతను మోసం చేసే చిట్కాల జోలికి మాత్రం పోవద్దు. ఎప్పుడు ఆగాలన్న మీ కెమెరా నిర్ణయంలో ఎంత కొలతో ఎంత అంచనాయో మీకు తెలిసే దారి లేదు.

ఇవన్నీ చేశాక కూడా మీ పనికి చాలకపోతే, అంటే ప్రతిసారీ రెండు మూడు గంటలు ఆగకుండా 4కె 60 కావలసివస్తే, ఆ కెమెరాతో పోరాడకండి. అది ఆ పనికి పుట్టలేదు. లోపల ఫ్యాన్ ఉన్నవి వేరే ఉన్నాయి: 2019లో వచ్చిన పానసోనిక్ ఎస్1ఎచ్, 2021లో వచ్చిన సోనీ ఎఫ్‌ఎక్స్3, 2022లో వచ్చిన కేనన్ ఆర్5 సీ ఆ కోవలోవి. ఫూజీఫిల్మ్ ఎక్స్-ఎచ్2ఎస్‌కు వెనక తగిలించే ఫ్యాన్ విడిగా దొరుకుతుంది, కేనన్ ఆర్5 మార్క్ 2కు ఫ్యాన్ ఉన్న గ్రిప్ ఉంది. ఫ్యాన్ లేకపోయినా నికాన్ జెడ్9 8కె 30 ఫ్రేముల వీడియోను 125 నిమిషాల వరకు తీయగలదని కంపెనీ చెబుతుంది. ఆ కెమెరా పరిమాణం చూస్తే కారణం సగం అర్థమవుతుంది, పెద్ద శరీరం వేడిని ఎక్కువగా దాచుకోగలదు, ఎక్కువ ఉపరితలం నుంచి వదలగలదు. అరచేతిలో ఇమిడే కెమెరా నుంచి దాన్ని ఆశించడం భౌతికశాస్త్రంతో తగువు పెట్టుకోవడమే.

కొత్త కెమెరా కొనేముందు మాత్రం మీ దగ్గరున్నదాన్ని ఒకసారి పద్ధతిగా పరీక్షించండి. గది ఉష్ణోగ్రత రాసుకుని, కార్డు ఫార్మాట్ చేసి, నిండు బ్యాటరీతో, ఆటో పవర్ ఆఫ్ ఉష్ణోగ్రత ‘అధికం’ పెట్టి 4కె 60లో ఆగేదాకా రికార్డు చేయండి. తర్వాత కెమెరా పూర్తిగా చల్లారనిచ్చి ఇదే పరీక్షను 4కె 30తో చేయండి. ఎండ రోజున గొడుగు కింద మూడోసారి. ఈ మూడు అంకెలు చేతిలో ఉంటే ఏ కార్యక్రమానికి ఏ సెట్టింగు సరిపోతుందో, ఎక్కడ రెండో కెమెరాను సిద్ధంగా ఉంచుకోవాలో మీరే నిర్ణయించగలుగుతారు. సుమారు 23 డిగ్రీల గదిలో 4కె 30 కూడా తయారీదారు చెప్పిన సమయంలో సగం నడవకపోయినా, ఫోటోలు తీస్తుండగా థర్మామీటరు గుర్తు వచ్చినా, చల్లగా ఉన్న కెమెరాను ఆన్ చేసిన వెంటనే హెచ్చరిక కనిపించినా, వేడి ఎప్పుడూ ఒక్క మూలనే విపరీతంగా తగిలినా అది మామూలు వేడెక్కడం కాదు, లోపల రేకు ఊడడమో, ఉష్ణోగ్రతను కొలిచే భాగం చెడడమో అయివుండవచ్చు. అప్పుడు ఈ పరీక్షల అంకెలను, హెచ్చరిక కనిపించిన క్షణపు వీడియోను వెంట తీసుకుని మళ్లీ సర్వీసు సెంటరుకు వెళ్లండి. ‘తొందరగా వేడెక్కుతోంది’ అని మాత్రమే చెబితే వారు రెండోసారి కూడా లోపమేమీ లేదనే అంటారు.